చిప్పలో మిగిలిన స్క్రూ

అమలాపురం గడియార స్తంభం సెంటరుకి రెండు వీధుల అవతల ముప్పై ఏళ్ళకు పైగా రిపేరు షాపు నడిపాను. మొదట రేడియోలు, టీవీలు, తర్వాత కంప్యూటర్లు, చివరి పదిహేనేళ్ళూ ఎక్కువగా లాప్‌టాపులే. చెయ్యి వణకడం మొదలయ్యాక షట్టరు దించేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అడపాదడపా ఇంటికొచ్చి "ఏదైనా చెప్పండి సూర్యంగారూ" అంటుంటారు. సర్క్యూట్లు చెప్పడానికి వాళ్ళ ఫోనుల్లో వీడియోలు బోలెడున్నాయి. వాటిలో దొరకనివి కొన్ని ఇక్కడ రాస్తున్నాను. అందులో ఒకటి నాకు చాలా మంచిపేరు తెచ్చిపెట్టింది. దాన్ని జరిగింది జరిగినట్టు రాయడం మాత్రం ఇదే మొదలు.

వేడి

ఆఖరి రోజుల్లో నా బల్ల మీదకొచ్చిన మిషన్లలో ఎక్కువ భాగానిది ఒకటే ఫిర్యాదు. "గేము ఆడుతుంటే కాలిపోతుందండి. ఉన్నట్టుండి ఆగిపోతుందండి."

నా దగ్గరికి వచ్చేలోపల సొంత వైద్యాలన్నీ అయిపోయేవి. మురమళ్ళ నుంచి వచ్చిన ఒకాయన లాప్‌టాప్ కింద తడితువ్వాలు పరిచి ఆడేవాడు. కొత్తపేట నుంచి వచ్చిన ఇంకొకాయన ఆటకి ముందు అరగంట మిషను తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో, పెరుగుగిన్నె పక్కన పెట్టేవాడు. మూత విప్పితే బోర్డంతా చెమ్మ. "చల్లగా ఉంటుంది కదాండీ" అన్నాడు, నేనేదో అన్యాయంగా కోప్పడుతున్నట్టు. నాకు కోపం త్వరగా వస్తుందని ఊళ్ళో అందరికీ తెలుసు. మీరైతే కోప్పడకండి. నా కోపం వల్ల ఒక్క మిషనూ బాగుపడలేదు.

మన ప్రాంతంలో లాప్‌టాప్‌కి అసలు శత్రువు కొబ్బరిపీచు. పీచు ఆరబెట్టే కళ్ళాలు ఊరి చుట్టూ ఉంటాయి, ఆ ధూళి గాలిలోనే ఉంటుంది. అది చాలనట్టు పీచు పరుపు మీద మిషను పెట్టుకుని, చుట్టూ దోమతెర కట్టుకుని, లోపల కూచుని గేములో తుపాకులు పేలుస్తారు. లాప్‌టాప్ ఊపిరి పీల్చుకునేది అడుగు నుంచి. అడుగున పరుపుంటే అది పీల్చేది పీచునే. ఫ్యాను విప్పితే పిచ్చుక గూడంత ఉండ బయటికొచ్చేది. అది తీసి, చిప్ మీద ఎండిపోయిన, వేడిని లాగే పేస్టు గీకి కొత్తది రాస్తే సగం కేసులు అక్కడికక్కడే తేలిపోతాయి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. వేడెక్కినప్పుడు మిషను ఆగిపోవడం రోగం కాదు. తనని తాను కాపాడుకోవడం. ఆగకుండా చెయ్యమని అడిగేవాళ్ళుంటారు. ఎందుకు ఆగుతోందో చూడాలి తప్ప, ఆగడాన్ని చంపకూడదు.

ఇద్దరు యజమానులు

నాకు పని నేర్పింది కొత్తపేటలో రేడియోల సత్యంగారు. ఆయన బల్ల మీద డబ్బాలుండేవి కావు, నున్నగా గీకిన కొబ్బరిచిప్పలుండేవి. ఒక మిషనుకి ఒక చిప్ప. విప్పిన స్క్రూ ప్రతిదీ అందులోకే వెళ్ళాలి. బిగించడం అయ్యాక చిప్ప బోర్లించి చూపించాలి. "మనిషి అబద్ధమాడొచ్చుగానీ, చిప్ప ఆడదురా" అనేవారు.

ఒకసారి మధ్యాహ్నం చిప్పలో చిన్న వాషరు మిగిలింది. రేడియో అప్పటికే ఊరు దాటింది. ఆయన అప్పుడే అన్నం కలిపారు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, చెయ్యి కడుక్కుని సైకిలెక్కారు. ఆ ఇంటాయన నవ్వాడట, వాషరు లేకపోతే రేడియో పలకదాండీ అని. సత్యంగారు బిగించి వచ్చి చల్లారిన అన్నం తిన్నారు. ఆ వయసులో నాకది చాదస్తంగా కనిపించింది.

తర్వాత రెండేళ్ళు పెద్ద ఊళ్ళో ఒక సర్వీసు సెంటరులో చేశాను. అక్కడి మేనేజరు చెడ్డవాడు కాదు, నాకు వేగం నేర్పాడు. దాంతోపాటు ఇంకో విద్య కూడా నేర్పాడు. తప్పు మనదైతే ముందు నోరు విప్పకూడదు. వాళ్ళంతట వాళ్ళు తిరిగొస్తే "మిషను పాతదండీ" అనాలి. నేనది చాలా బాగా నేర్చుకున్నాను. సొంత షాపు పెట్టుకున్నాక సత్యంగారి శిష్యుణ్ణని అందరికీ చెప్పుకునేవాణ్ణి, మేనేజరు పేరు ఎక్కడా ఎత్తేవాణ్ణి కాదు. కానీ నా లోపల ఇద్దరూ ఉన్నారు. ఎవరు ఎప్పుడు పైకి లేస్తారో ఆపద వస్తేగాని తెలియదు.

కెజియా

రాజోలు దాటాక ఒక ఊరి నుంచి వచ్చింది ఆ అమ్మాయి. పేరు కెజియా. డిగ్రీ అయిపోయింది. తండ్రి రత్నం మాస్టారు, హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన తండ్రి పొలాల్లో కూలికి వెళ్ళి కొడుకుని చదివించాడట. ఆ ఇంట్లో చదువంటే పిల్లల చేతికిచ్చిన దీపం లాంటిది, దాంతో ఆటలేమిటని మాస్టారి బాధ.

ఆ అమ్మాయి ఆడేది ఐదుగురు ఒక జట్టుగా ఆడే తుపాకుల ఆట. బెంగళూరులో ఒక జట్టువాళ్ళు ఐదో మనిషి కోసం చూస్తున్నారు. ఎంపికైతే అక్కడే ఉండి ఆడాలి, అదే ఉద్యోగం. వడపోతలో చివరికి ఈ అమ్మాయీ ఇంకో అమ్మాయీ మిగిలారు. ఆ రోజే మధ్యాహ్నం మూడింటికి వాళ్ళతో కలిసి ఆడి చూపించాలి.

"ఇరవై నిమిషాలాడితే ఆగిపోతుందండి అంకుల్. ఇయ్యాల ఆగిందంటే ఇంక నాన్నగారు చెప్పినట్టు బి.ఎడ్‌కి వెళ్ళిపోవడవేనండి" అంది.

"బి.ఎడ్ మంచిదేనమ్మా" అన్నాను విప్పుతూ.

"ఆయ్, మంచిదేనండి. నాకు కాదండి."

నాకు ఆ జవాబు నచ్చింది. పొద్దున్న ఎనిమిదికే షాపు తెరిపించి కూచుంది. ఫ్యానులో మామూలు కంటే ఎక్కువ పీచు. శుభ్రం చేసి, పేస్టు మార్చి, మూత రెండు స్క్రూలతో తాత్కాలికంగా నిలబెట్టి గంటసేపు ఆట ఆడించి చూశాను. ఆగలేదు. అప్పుడు మిగిలిన స్క్రూలు బిగించాను. ఇది నా పద్ధతి, పరీక్ష అయ్యాకే మొత్తం బిగిస్తాను.

ఆ మిషనుకి వెనక వరుసలో పొడుగు స్క్రూలు, ముందు వరుసలో పొట్టివి. ముందు వరుస కింద బ్యాటరీ ఉంటుంది కాబట్టే అక్కడ పొట్టివి పెడతారు. ఒక చిప్పలోనే పొడుగువీ పొట్టివీ కలిసి ఉన్నాయి. సత్యంగారి కాలంలో అది సరిపోయింది, రేడియోలో స్క్రూ పొడుగైతే కొంప మునగదు. లాప్‌టాపులకి రెండు చిప్పలు పెట్టాలని నాకు తెలుసు. అలవాటు మార్చుకోలేదు, అంతే. బిగిస్తుండగా గుమ్మంలో ఇంకెవరో కేకేశారు, వాళ్ళకి జవాబు చెబుతూ బిగించాను. ముందు వరుసలో ఎడమ మూల స్క్రూ చివర్లో కాస్త బిరుసుగా తిరిగింది. చేతికి తెలిసింది. నేను పట్టించుకోలేదు.

పదకొండింటికి ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. "మధ్యాన్నం ఫోన్ ఆపేస్తానండి, ఫోన్లొస్తే మనసు చెదిరిపోద్ది" అంటూ ఆటో ఎక్కింది.

ఒంటిగంట

ఒంటిగంటకి ఇంకో మిషను విప్పబోతూ ఆ చిప్ప అందుకున్నాను. అడుగున ఒక పొట్టి స్క్రూ ఉంది.

ఈ పని తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఎడమ మూల స్క్రూ బిరుసుగా తిరిగి, పొట్టిది మిగిలిందంటే, వెనక ఒక కన్నం ఖాళీగా ఉండిపోయి, అక్కడి పొడుగుది పొట్టిది ఉండాల్సిన చోటికి పోయిందన్నమాట. పొడుగుది లోపలికి దిగితే దాని మొన బ్యాటరీ మీద ఆనుతుంది. ఛార్జింగులో పెట్టి ఆట ఆడుతుంటే బ్యాటరీ వేడెక్కుతుంది, కాస్త ఉబ్బుతుంది. ఉబ్బినకొద్దీ మొన గుచ్చుకుంటుంది. పొర చిరిగితే పొగ, ఆ వెంటనే మంట. దాని ముందు, రెండు చేతులూ దాని మీదే ఆనించి, చెవులు మూసుకుని ఒక ఆడపిల్ల కూచుని ఉంటుంది.

ఇదంతా నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. తర్వాత నేను చేసినది రాయడానికే ఈ కాగితాలు పట్టుకున్నాను.

నేను లేవలేదు. ఈ స్క్రూ నిన్నటి మిషనుదేమో అనుకున్నాను. నిన్నటి మిషను స్క్రూల తల నక్షత్రం ఆకారంలో ఉంటుంది, దీనికి ప్లస్ గుర్తు ఉంది. మర మీద, వదులు కాకుండా కంపెనీవాళ్ళు రాసే నీలం రంగు జిగురు కూడా ఉంది. అది ఆ రోజు ఒక్క కెజియా మిషను స్క్రూలకే ఉంది. చూస్తూనే ఉన్నాను, అయినా కాదేమో అనుకున్నాను. ఫోన్ చేస్తే ఏమని చెప్పాలి? ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు స్క్రూ తప్పు పెట్టాడని చెప్పాలా? ఆ పిల్ల ఊరంతా చెప్పదా? మేనేజరు మాట చెవిలో వినిపించింది, వాళ్ళంతట వాళ్ళు తిరిగొస్తే చూద్దాంలే అని.

క్యారేజీ విప్పి భోంచేశాను. వంకాయకూర, చారు, మజ్జిగ. ఏదీ వదల్లేదు. చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ ఆ స్క్రూ చూశాను. అది ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది.

రెండు దాటాక ఫోన్ చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను, అదే. ఇంట్లోవాళ్ళ నెంబరు తీసుకోలేదు. అప్పుడు వచ్చింది భయం. షట్టరు సగం దించి, టూల్ సంచీ భుజాన వేసుకుని బండి తీశాను.

దారి

బోడసకుర్రు వంతెన దాకా ఎలా వెళ్ళానో గుర్తు లేదు. వంతెన దిగాక పీచు మోపుల ట్రాక్టరొకటి రోడ్డంతా నాదే అన్నట్టు నడుస్తోంది. మోపులు రెండు పక్కలా బయటికి పొంగి ఉన్నాయి. హారను కొట్టాను. వాడికి వినపడదు. ముందుకు పోనిస్తే ఎదురుగా బస్సు. మూడవడానికి పది నిమిషాలుంది. పీచు ఎగిరి కళ్ళలో పడుతోంది. ఆ పిల్ల మిషను ఛార్జింగులో పెట్టి ఉంటుందా అని ఒకసారి, ఛార్జింగు నిండి ఉంటే కాస్త మేలేమో అని ఒకసారి, ఇలా నాలో నేనే బేరాలాడుకుంటూ పోయాను.

రాజోలు దాటి ఆ ఊరు చేరేసరికి మూడుంబావు. కాలవ గట్టు మీద కొబ్బరికాయలు ఒలుస్తున్న ఒకాయనని రత్నం మాస్టారి ఇల్లెక్కడని అడిగాను.

"చర్చి దాటేక ఆకుపచ్చ గేటండి. ఏవైనా కబురాండీ?" అన్నాడు నా మొహం చూసి.

బండి కదిలించాను. పొగ వాసన వస్తుందేమోనని ముక్కుతో వెతుక్కుంటూ వెళ్ళాను.

ఆ గది

ఇంట్లో కరెంటు లేదు. ముందు గదిలో కిటికీ పక్కన చిన్న బల్ల. కెజియా చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెర మీదకి వంగిపోయి ఉంది. ఇన్వర్టరు నుంచి లాప్‌టాప్‌కి వైరు వేశారు. సీలింగు ఫ్యాను ఆగిపోయి ఉంది. రత్నం మాస్టారు పక్కనే నిలబడి తాటాకు విసనకర్రతో లాప్‌టాప్‌కి విసురుతున్నారు. కూతురికి కాదు, మిషనుకి. ఆట వద్దన్న మనిషి, ఒళ్ళంతా చెమటలు కారుతుంటే చెయ్యి మార్చి మార్చి విసురుతున్నారు.

"మాస్టారూ, మిషను ఆపించాలండి" అన్నాను.

"ఇప్పుడాండీ? పిల్ల గెలుస్తుందండి. ఇంకాసేపే."

బల్ల దగ్గరికి వెళ్ళి ఆ అమ్మాయి అరచెయ్యి ఆనించిన చోట వేలు పెట్టాను. కుడిపక్క వెచ్చగా ఉంది. ఎడమ మూల కాలుతోంది. టచ్‌ప్యాడ్ అంచు గోరు దూరేంత పైకి లేచింది. అంటే లోపల బ్యాటరీ ఉబ్బుతోంది.

కెజియా ఒక చెవి నుంచి హెడ్‌ఫోన్ తప్పించింది, కళ్ళు తెర మీద నుంచి తియ్యకుండానే. "ఆగట్లేదండి అంకుల్, సూపరుగా ఉందండి. పావుగంటలో అయిపోద్దండి."

"ఆపేయమ్మా."

"పావుగంటండి. దణ్ణం పెడతానండి."

ఏదో ఒక అబద్ధం చెప్పి ఆపించొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా, కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారనో, ఈ మోడలుకి లోపం ఉందనో. కానీ ఆ పిల్ల ఆపాలంటే నిజం తప్ప ఇంకేదీ పనిచెయ్యదని కూడా తెలిసింది.

"తప్పు నాది తల్లీ. పొడుగు స్క్రూ తీసుకెళ్ళి బ్యాటరీ మీద దింపేశాను. పొర చిరిగితే నీ చేతుల్లోనే అంటుకుంటుంది."

మాస్టారి చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ఆ అమ్మాయి తెర వైపు చూసింది. ఒక్క ఊపిరి తీసినంతసేపు. తర్వాత మైకులో అవతలి నలుగురికీ "సారీ, నేను వెళ్ళాలి" అని ఇంగ్లీషులో చెప్పి, బటను నొక్కి పట్టుకుంది. తెర నల్లబడింది. వైరు నేనే పీకాను.

మిషను రెండు చేతులతో ముందుకు చాచి పట్టుకుని వాకిట్లో ఇసక మీదకి తీసుకెళ్ళాను. "మీరు దూరంగా ఉండండి" అన్నాను. స్క్రూడ్రైవరు ఎడమ మూల స్క్రూ మీద పెట్టాను. తిప్పేటప్పుడు మొన పొరని లాగితే అప్పుడైనా చిరగొచ్చు. పావు వంతు తిప్పి ఆగాను. మళ్ళీ పావు. స్క్రూ బయటికొచ్చింది. మూత లేపి చూస్తే బ్యాటరీ వెండిపొర మీద మొన లోతుగా నొక్కిన గుంట. చిరగలేదు. ఇంకో పావుగంట ఆడి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. అంటుకునేదనీ అనలేను, ఏమీ అయ్యేది కాదనీ అనలేను.

బ్యాటరీ ఊడదీసి ఇసక బక్కెట్లో పెట్టి పెరటి చివరికి పంపాను. బ్యాటరీ లేకుండానే మిషను ఇన్వర్టరు మీద నడుస్తుంది. ఊడదీయడం, మూత బిగించడం అన్నీ కలిపి పది నిమిషాల పని. కెజియా మళ్ళీ ఆటలోకి వెళ్ళడానికి చూసింది. అప్పటికి ఆట అయిపోయింది. ఫోన్ ఆన్ చేస్తే బెంగళూరు జట్టువాళ్ళే చేశారు. ఆమె రెండు మూడు సార్లు "ఓకే" అంది, అంతే.

"ఇంకో అమ్మాయిని తీసుకున్నారంట నాన్నా."

మాస్టారు విసనకర్ర పక్కన పెట్టారు. "బి.ఎడ్ దరఖాస్తుకి ఇంకా టైముందమ్మా" అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయనకే సిగ్గేసినట్టుంది, లోపలికి వెళ్ళి నాకు టీ పట్టుకొచ్చారు.

"ఇంకోళ్ళయితే మనకెందుకులే అని నోరు మూసుకుని కూచునేవారండి. మీరు ఇంత దూరం పరిగెత్తుకొచ్చేరు. మా పిల్లని కాపాడేరు" అన్నారు.

నేను టీ తాగుతున్నాను. కెజియా అరుగు మీద కూచుని ఆ పొడుగు స్క్రూని వేళ్ళ మధ్య తిప్పుతోంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులువయ్యేది.

"ఒంటిగంటన్నర దాకా నా ఫోన్ ఆన్‌లోనే ఉందండి అంకుల్" అంది, తనలో తాను అనుకుంటున్నట్టు. "అప్పటికి మీకు కనపడి ఉంటే బాగుణ్ణు. పది నిమిషాల పనే కదండీ. రాజోల్లో ఎవరిచేతైనా తీయించేసుకుని, మూడింటికి కూచునేదాన్ని." తర్వాత తల ఎత్తి, నన్ను ఓదార్చడానికన్నట్టు నవ్వింది. "పోనీలెండి, మీరేం చేస్తారు. చూడగానే వచ్చేసేరు కదండీ?"

నాకు నిజం చెప్పే అవకాశం అది.

"ఆయ్" అన్నాను.

ఆమె బి.ఎడ్ చేసింది. ఇప్పుడు ఒక స్కూల్లో లెక్కలు చెబుతోంది. బాగా చెబుతుందని విన్నాను. షాపు ఉన్నన్నాళ్ళూ, స్కూల్లో ఎవరి లాప్‌టాప్ వేడెక్కినా నా దగ్గరికే పంపేది. వచ్చినవాళ్ళు గుమ్మంలోనే చెప్పేవారు, "మా టీచరుగారు చెప్పేరండి, మీరు తప్పు చేస్తే ఒక్క నిమిషం కూడా దాచరంట కదండీ" అని. ఎంతోమంది అన్నారు. వాళ్ళలో ఒక్కరికి కూడా అది నిజం కాదని నేను చెప్పలేదు.